మాట వినే దీపం



అల్లావుద్దీన్ కథ మీ అందరికీ తెలిసే ఉంటుంది. పాత దీపాన్ని కాస్త రుద్దితే చాలు, భూతం వచ్చి చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఏ పని చెబితే ఆ పని చేస్తుంది. అయితే ఆ కథలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉన్నది. ఆ భూతం అల్లావుద్దీన్‌కు నౌకరు కాదు, దీపానికి నౌకరు. దీపం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుంది. అందుకే మాంత్రికుడు పాత దీపాలకు కొత్త దీపాలు ఇస్తానంటూ వీధి వెంట తిరిగి, ఆ దీపాన్ని కాస్తా కాజేసినప్పుడు, నిన్నటిదాకా అల్లావుద్దీన్‌కు మొక్కిన భూతమే అతని మేడను ఎత్తుకుపోయింది.

ఇప్పుడు మన ఇళ్ళలోకి కూడా మాట వినే దీపాలు వచ్చాయి. వాటిని స్మార్ట్ దీపాలు అంటున్నారు. ఫోనులో వేలితో తాకితే వెలుగుతాయి. నోటితో చెప్పినా వెలుగుతాయి. సాయంత్రం కాగానే ఎవరూ చెప్పకుండానే వెలుగుతాయి. తెల్లని దీపం పచ్చగా, ఎర్రగా, నీలంగా మారుతుంది. వీటిలో భూతమేమీ లేదు. అంతా మీరు తెలుసుకోగలిగిన శాస్త్రమే. ముందు అది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. తరవాత ఇంట్లో ఎట్లా పెట్టుకోవాలో చూద్దాం. ఆపైన అల్లావుద్దీన్ కథలోని ప్రశ్నకే వద్దాం: దీపం ఎవరి చేతిలో ఉండాలి?

బల్బు లోపల ఏమున్నది?

మామూలు దీపాన్ని వెలిగించేది గోడమీది స్విచ్చి. స్విచ్చి వేస్తే కరెంటుకు దారి కలుస్తుంది, తీస్తే దారి తెగుతుంది. అంతే. ఎడిసన్ 1879లో తయారుచేసిన బల్బులో సన్నని పోగు ఉండేది. కరెంటు ఆ పోగులో నుంచి పోతూ దాన్ని కణకణలాడేట్టు కాలుస్తుంది. ఆ కాలిన పోగు వెలుగు ఇస్తుంది. కాని అందులో ఖర్చయిన శక్తిలో చాలా భాగం వేడిగానే పోయేది. వెలిగే బల్బును ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది అందుకే.

ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బులో పోగు లేదు. అందులో అర్ధవాహకం అనే పదార్థంతో చేసిన చిన్న చిన్న బిళ్ళలు ఉంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజ కంటె చిన్నది. వాటి గుండా కరెంటు పోయేటప్పుడు, ఎలక్ట్రాన్లనే సూక్ష్మకణాలు పై మెట్టు నుంచి కింది మెట్టుకు దూకినట్టు దూకి, దూకినప్పుడల్లా కాస్త శక్తిని వెలుగుగా విడుస్తాయి. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ అనే ఆయన ఎర్రని వెలుగునిచ్చే బిళ్ళను తయారుచేశాడు. నీలం వెలుగు మాత్రం చాలా ఏళ్ళు ఎవరికీ సరిగా చిక్కలేదు. జపాను దేశంలో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా, పట్టువదలకుండా పనిచేసి దాన్ని సాధించారు. వారికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క నీలం రంగుకు అంత గొప్ప బహుమతి దేనికి అంటారేమో! నీలం వెలుగు మీద పసుపు వెలుగునిచ్చే పూత పూస్తే రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. అంటే నీలం దొరికిన తరవాతనే తెల్లని ఎల్.ఇ.డి. దీపం వచ్చిందన్నమాట. అంతేకాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడు వెలుగులను వేరు వేరు పాళ్ళలో కలిపితే ఇంచుమించు ఏ రంగయినా వస్తుంది. రంగులు మార్చే బల్బులో జరిగేది ఇదే.

మరి వెలుగు తగ్గించడం ఎట్లా? ఇందులో ఒక చమత్కారం ఉన్నది. చాలా బల్బులలో వెలుగును నిజంగా తగ్గించరు. దీపాన్ని క్షణానికి కొన్ని వందల సార్లు, కొన్నిటిలో వేల సార్లు, ఆర్పి వెలిగిస్తారు. మన కన్ను అంత త్వరగా చూడలేదు. వెలిగి ఉండే కాలం సగం, ఆరి ఉండే కాలం సగం అయితే, దీపం సగం వెలుగుతో నిలకడగా వెలుగుతున్నదని కన్ను అనుకుంటుంది.

స్మార్ట్ బల్బులో ఈ బిళ్ళలకు తోడు ఇంకో రెండు ఉంటాయి. ఒకటి చిన్న రేడియో. అది కబురు వింటుంది. రెండోది చిప్పు. అది ఆ కబురుకు అర్థం చూసి, ఏ బిళ్ళ ఎంత వెలగాలో చెబుతుంది. భూతం అనుకుంటే ఇదే భూతం!

కబురు ఎట్లా చేరుతుంది?

ఫోను నుంచి బల్బుకు తీగ లేదు. కబురు గాలిలో పోతుంది అంటాం గాని, నిజానికి దానికి గాలితో పనిలేదు. అది రేడియో అలలమీద పోతుంది. ఇంట్లోని వైఫై పెట్టె క్షణానికి సుమారు 240 కోట్ల సార్లు కంపించే అలలను పంపుతుంది. ఒక్కొక్క అల పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే మీ స్కేలు కంటె కొంచెం తక్కువ. ఈ అలలు చెక్క తలుపులను సులభంగా దాటుతాయి. ఇటుక గోడను దాటేసరికి కొంత నీరసిస్తాయి. కాంక్రీటు స్లాబును, ఇనప బీరువాను దాటడం వాటికి మరీ కష్టం. పెరట్లో దీపం పలకలేదంటే మొదట చూడవలసింది, దారిలో ఎన్ని గోడలున్నాయా అని.

కొన్ని దీపాలు జిగ్‌బీ అనే మరో పద్ధతిలో మాట్లాడుకుంటాయి. తేనెటీగలు తుట్టెకు తిరిగి వచ్చి, పువ్వులు ఎక్కడున్నాయో తోటి ఈగలకు చెప్పడానికి ఒక నాట్యం చేస్తాయి. ఆ నాట్యాన్ని బట్టే ఈ పేరు పెట్టారు. ఇందులో ఒక దీపం విన్న కబురును పక్క దీపానికి అందిస్తుంది. క్లాసులో చివరి బెంచీ పిల్లవాడికి చీటీ పంపాలంటే చేతులు మార్చి పంపుతారే, అట్లాగన్నమాట. దూరపు దీపానికి కూడా కబురు అందుతుంది. దీనికి ఒక చిన్న పెద్దమనిషి పెట్టె వేరుగా కావాలి.

మొదట్లో ఒక కంపెనీ దీపానికి ఇంకో కంపెనీ భాష తెలిసేది కాదు. అందుకని చాలా కంపెనీలు కూడబలుక్కుని మాటర్ అనే ఉమ్మడి భాషను తయారుచేసి, 2022లో ప్రకటించాయి. కొత్త దీపం కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఆ గుర్తు ఉన్నదేమో చూడడం మంచిది.

ఇంట్లో పెట్టుకోవడం

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందుగా ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులది. అది చదువుకున్నవాడని, చిన్నవాడని చూడదు. కనక బల్బు మార్చే పని పెద్దలది. మీ పని పక్కన నిలబడి చూడడం, కాగితం చదివి చెప్పడం.

మొదట హోల్డరు చూడండి. మన దేశంలో చాలా ఇళ్ళలో బల్బును నొక్కి తిప్పితే బిగుసుకునే హోల్డరు ఉంటుంది. బల్బు మూతికి రెండు పక్కలా రెండు చిన్న ముక్కులుంటాయి. కొన్నిచోట్ల మరచుట్ల బల్బు ఉంటుంది. దానికీ దీనికీ పొత్తు కుదరదు. తరవాత, ఆ దీపానికి ఫాను రెగ్యులేటరు లాగా తిప్పే పాతకాలపు మీట ఉన్నదేమో చూడండి. ఉంటే అక్కడ స్మార్ట్ బల్బు పెట్టకూడదు, పాడవుతుంది.

స్విచ్చి తీసి, పాత బల్బు చల్లారిన తరవాత కొత్తది బిగించాలి. స్విచ్చి వెయ్యగానే చాలా బల్బులు మిణుకు మిణుకు మంటాయి. పాడయిందని కంగారుపడకండి. "నేను కొత్తగా వచ్చాను, నన్ను ఎవరయినా పిలవండి" అని దాని భాషలో చెప్పుకుంటున్నది. మిణుకు మనకపోతే, దానితో వచ్చిన కాగితంలో చెప్పినన్ని సార్లు స్విచ్చి తీసి వేస్తే అదే మొదలుపెడుతుంది. అప్పుడు పెద్దల ఫోనులో ఆ దీపపు యాప్ తెరిచి, ఇంటి వైఫై పేరూ, పాస్‌వర్డూ దానికి చెప్పాలి. ఒక చిన్న చిక్కు ఉన్నది. ఇప్పటి వైఫై పెట్టెలు చాలావరకు రెండు రకాల అలలు పంపుతాయి. బల్బులలో ఎక్కువ భాగానికి 2.4 అన్న అంకె గలది మాత్రమే వినిపిస్తుంది, 5 అన్నది వినిపించదు. కబురు కుదరకపోతే ఇది చూసుకోవాలి.

తరవాత పేరు పెట్టడం. ఇది మీరే చెయ్యవచ్చు. "హాలు", "హాలు రెండు", "హాలు చిన్నది" అని పెడితే మీకూ తికమకే, దానికీ తికమకే. "వరండా", "చదువు బల్ల", "మెట్లు" అని వేరు వేరుగా వినిపించే పేర్లు పెట్టండి.

బల్బుకు బదులు స్విచ్చినే స్మార్టుగా చేసే పద్ధతి కూడా ఉన్నది. గోడలోని స్విచ్చి వెనక చిన్న బిళ్ళ అమరుస్తారు. అప్పుడు బల్బు మామూలుదే ఉంటుంది. గోడమీది స్విచ్చీ పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. దీనికి చాలావరకు న్యూట్రల్ తీగ కావాలి. మన ఇళ్ళలో కొన్ని స్విచ్చిబోర్డులలో ఆ తీగ ఉండదు. కనక ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి చెయ్యవలసిన పని.

దీపానికి నియమాలు

దీపం చెప్పినదే వింటుంది గాని, ఆలోచించదు. ఆలోచన మనది. మనం దానికి నియమాలు రాసి పెట్టాలి. నియమంలో రెండు భాగాలుంటాయి: "ఎప్పుడు", "ఏమి చెయ్యాలి".

"సాయంత్రం 6 గంటలకు వరండా దీపం వెలగాలి" అని రాశారనుకోండి. బాగానే ఉన్నది. కాని హైదరాబాదులో డిసెంబరు మొదట్లో సుమారు 5.40 కే పొద్దు గూకుతుంది. జూన్ చివర 6.55 దాకా గూకదు. మీ నియమం చలికాలంలో ఆలస్యం, ఎండాకాలంలో తొందర. కనక "పొద్దు గూకగానే" అని రాయాలి. మీ ఊరు భూగోళం మీద ఎక్కడున్నదో, ఆనాటి తేదీ ఏదో తెలిస్తే పొద్దు గూకే వేళ లెక్క కట్టవచ్చు. పంచాంగకర్తలు చేసే లెక్కనే ఈ యంత్రం క్షణంలో చేసుకుంటుంది.

ఇంకో నియమం: "ఎవరయినా వస్తే మెట్ల దీపం వెలగాలి." దీనికి మనిషి రాకను కనిపెట్టే కన్ను ఒకటి కావాలి. మన ఒంటి నుంచి ఎప్పుడూ కంటికి కనిపించని వేడి కిరణాలు వెలువడుతుంటాయి. మనిషి కదిలినప్పుడు ఆ కిరణాలు పడే చోటు మారుతుంది. ఆ మార్పును ఈ కన్ను పట్టుకుంటుంది. మార్పు లేకపోతే పట్టుకోలేదు. అందుకే కదలకుండా కూర్చుని చదువుకునే పిల్లవాడి నెత్తిమీద దీపం ఉన్నట్టుండి ఆరిపోతుంది! కనక ఈ కన్ను నడిచే చోటికి మంచిది, చదువుకునే చోటికి పనికిరాదు.

రంగుకు కూడా నియమం ఉన్నది. తెలుపులో పసుపు ఛాయ గలదీ, నీలి ఛాయ గలదీ ఉంటాయి. అట్టపెట్టె మీద 2700 అని ఉంటే పాత బల్బు లాంటి పసుపు వెలుగు. 6500 అని ఉంటే పట్టపగటి వెలుగు. నీలి పాలు ఎక్కువగా ఉన్న వెలుగు రాత్రి పొద్దుపోయేదాకా కళ్ళమీద పడితే, ఇంకా పగలే అనుకుని మన శరీరం నిద్రను వెనక్కు నెడుతుంది. కనక చదువు బల్ల దగ్గర సాయంత్రం తెల్లని వెలుగూ, పడుకునే గంట ముందు నుంచి తగ్గించిన పసుపు వెలుగూ ఉండేట్టు రాసుకోండి.

లెక్క వేద్దాం

నేను బడిపంతులుగా బతికినవాణ్ణి. లెక్క లేకుండా పాఠం ముగించలేను. పలక తీసుకోండి.

1000 వాట్ల పరికరం ఒక గంట నడిస్తే ఒక యూనిట్టు. పాత 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే, ఏడాదికి 60 × 5 × 365 = 1,09,500 వాట్-గంటలు, అంటే 109.5 యూనిట్లు. ఇంచుమించు అంత వెలుగునే ఇచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి.కి 9 × 5 × 365 = 16,425, అంటే సుమారు 16.4 యూనిట్లు. ఎంత పొదుపో చూశారా?

కాని స్మార్ట్ దీపం ఆరిన తరవాత కూడా పూర్తిగా నిద్రపోదు. కబురు కోసం చెవి రిక్కించి ఉంటుంది. దానికి అర వాటు ఖర్చవుతుందనుకుందాం. తక్కిన 19 గంటలకు ఏడాదిలో సుమారు 3.5 యూనిట్లు. ఇది పెద్ద నష్టమేమీ కాదు.

ఇదే బల్బును సామాన్ల గదిలో పెట్టారనుకోండి. అక్కడ రోజుకు గంట కంటె ఎక్కువ వెలగదు. వెలగడానికి ఏడాదికి 9 × 1 × 365 = 3,285, సుమారు 3.3 యూనిట్లు. వినడానికి 0.5 × 23 × 365 = 4,197.5, సుమారు 4.2 యూనిట్లు! వెలిగినందుకంటె ఊరికే చెవి రిక్కించినందుకే ఎక్కువ ఖర్చు. కనక ప్రతి గదికీ స్మార్ట్ దీపం అక్కరలేదు. పని ఉన్నచోటనే పెట్టాలి.

కరెంటు పోతే?

కరెంటు పోయి వచ్చినప్పుడు చాలా బల్బులు, ఎవరో స్విచ్చి వేశారనుకుని, పూర్తి వెలుగుతో వెలుగుతాయి. అర్ధరాత్రి రెండు గంటలకు కరెంటు వస్తే ఇల్లంతా పెళ్ళిపందిరి లాగా వెలిగిపోతుంది! "కరెంటు వచ్చినప్పుడు ఇంతకుముందు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉండు" అని యాప్‌లో ముందే చెప్పి పెట్టాలి. చాలా బల్బులలో దీనికి వీలున్నది.

ఇంటర్నెట్టు పోయినప్పుడు ఇంకో సంగతి. కొన్ని దీపాలలో మీ కబురు మీ ఫోను నుంచి తిన్నగా బల్బుకు పోదు. ముందు ఎక్కడో దూరాన ఉన్న కంపెనీవారి యంత్రానికి పోయి, అక్కడినుంచి తిరిగి మీ ఇంటికి వస్తుంది. పక్కగదిలోని అన్నయ్యకు ఉత్తరం రాసి పోస్టులో వేసినట్టు! 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీవారి యంత్రాలు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఆ దీపాలు కొనుక్కున్నవారు ఫోనులో ఎంత నొక్కినా అవి పలకలేదు. గోడలమీది స్విచ్చిలు మాత్రం పనిచేశాయి. తరవాత ఆ దీపాలు వాడేవారే కొందరు కలిసి కంపెనీని కొని, యంత్రాలను మళ్ళీ నడిపించారు. గోడమీది స్విచ్చి విలువ ఆ రోజున అందరికీ తెలిసివచ్చింది.

మాంత్రికులు ఇప్పుడూ ఉన్నారు

దీపం ఎవరి చేతిలో ఉంటే భూతం వారి మాటే వింటుందని మొదట చెప్పాను. ఇప్పుడు దీపం అంటే పాస్‌వర్డు.

కెమెరాలూ, వైఫై పెట్టెలూ వగైరా తయారయినచోటే వాటికి ఏదో ఒక పాస్‌వర్డు పెట్టి పంపుతారు. చాలామంది దాన్ని మార్చరు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము అట్లా మార్చని పాస్‌వర్డుల పట్టిక పట్టుకుని లోకమంతా తిరిగి, లక్షల పరికరాలను తన నౌకర్లుగా చేసుకున్నది. ఆ ఏడు అక్టోబరు 21న అట్లాంటి పరికరాల చేత ఒక్కుమ్మడిగా కబుర్లు కుమ్మరింపజేసేసరికి, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. తమ ఇంటి కెమెరా ఈ దండులో ఉన్నదని ఇంటివారికి తెలియను కూడా తెలియదు.

అదే ఏడు ఇజ్రాయిల్, కెనడా దేశాల పరిశోధకులు ఒక డ్రోనును ఒక భవనం దగ్గరకు ఎగరేసి, లోపలి స్మార్ట్ దీపాలను తమ వశం చేసుకుని చూపించారు. ఆ దీపాలు, ఓడ మునిగేటప్పుడు పంపే ఆపద సంకేతం లాగా మిణుకు మన్నాయి! వారు దొంగలు కారు. లోపం ఉన్నదని కంపెనీకి ముందే చెప్పి, సరిచేయించారు. కంపెనీవారు అప్పుడప్పుడు పంపే కొత్త ప్రోగ్రామును దీపంలోకి ఎక్కించుకోవాలనడం అందుకే.

కనక మూడు పనులు చెయ్యాలి. వైఫై పెట్టెకు వచ్చిన పాస్‌వర్డు మార్చాలి. యాప్‌కు ఎవరూ ఊహించలేని పాస్‌వర్డు పెట్టాలి. పాత బల్బును ఎవరికయినా ఇచ్చేటప్పుడు అందులోని మన వివరాలు తుడిచివెయ్యాలి. మీ దీపాలు ఏ వేళకు ఆరుతాయో తెలిసినవాడికి, మీరు ఏ వేళకు ఇంట్లో ఉండరో కూడా తెలుస్తుంది మరి!

నాయనమ్మ దీపం

దొంగ చేతికి పోకూడదు, సరే. మరి ఇంట్లో ఎవరి చేతిలో ఉండాలి? మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను.

ఒక ఇంట్లో తండ్రి ముచ్చటపడి ఆరు స్మార్ట్ బల్బులు తెచ్చి పెట్టాడు. గోడమీది స్విచ్చి తీసేస్తే బల్బులోని రేడియోకు కరెంటు అందదు, ఇక ఫోను కబురు వినిపించదు. అందుకని ఎవరూ తీయకుండా స్విచ్చిలన్నిటికీ పట్టీలు అంటించాడు. ఆ ఇంట్లో ఏడో క్లాసు చదివే అమ్మాయీ, ఆమె నాయనమ్మా ఉన్నారు. ఒకరోజు సాయంత్రం తల్లీ తండ్రీ ఆఫీసులనుంచి రావడం ఆలస్యమయింది. అమ్మాయి సంగీతం క్లాసుకు వెళ్ళింది. ఫోనులన్నీ వారితోనే వెళ్ళాయి. చీకటి పడింది. నాయనమ్మ స్విచ్చి దగ్గరకు వెళ్ళి, పట్టీ చూసి, కొడుకు అంటించినది తియ్యడమెందుకని ఊరుకున్నది. బల్లమీది మాట్లాడే పెట్టెతో రెండుసార్లు చెప్పి చూసింది. అది పలకలేదు.

ఏడు గంటలకు అమ్మాయి వచ్చి, "చీకట్లో కూర్చున్నావేం, నాయనమ్మా?" అని అడిగింది.

"దీపం పెడదామంటే దానికి నా మాట తెలియడంలేదే, అమ్మా. నేను ఈ ఇంటిదాన్ని కాననుకున్నదేమో," అన్నది నాయనమ్మ.

ఆ పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి తండ్రి రాగానే స్విచ్చిల మీది పట్టీలు పీకి అతని చేతిలో పెట్టింది.

"స్విచ్చి తీసేస్తే ఫోనులోనుంచి వెలగదు గదే!" అన్నాడు తండ్రి.

"ఫోనులోనుంచి వెలగకపోయినా ఫరవాలేదు, నాన్నా. నాయనమ్మ చేతిలోనుంచి వెలగాలి," అన్నది ఆ పిల్ల.

తండ్రి ఏమీ మాట్లాడలేదు. మర్నాడే ఇద్దరూ కూర్చుని అన్నీ మార్చారు. పొద్దు గూకగానే వరండా, హాలు దీపాలు వాటంతట అవే వెలిగేట్టు నియమం రాశారు. నాయనమ్మ మంచం పక్కన బ్యాటరీతో పనిచేసే చిన్న మీట అంటించారు. నొక్కితే వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరుతుంది. స్నానాలగదికి పోయే దారిలో మనిషి రాకను కనిపెట్టే కన్ను పెట్టారు. రాత్రి ఆమె లేచి మంచం దిగితే చాలు, కళ్ళు చెదరకుండా సన్నని పసుపు వెలుగు నేలమీద పడుతుంది. హాలులో ఎలక్ట్రీషియన్ చేత స్విచ్చి వెనక బిళ్ళ పెట్టించారు. ఇప్పుడు అక్కడ స్విచ్చికీ ఫోనుకూ తగువు లేదు.

ఆ తరవాత ఒకసారి నేను వారింటికి వెళితే, నాయనమ్మ మీట నొక్కి దీపం వెలిగించి చూపించింది. రంగులు మార్చడం కూడా నేర్చుకున్నదట!

చీకట్లో తడబడి పడిపోయేది ఎక్కువగా పెద్దవాళ్ళూ, చిన్నవాళ్ళూను. దీపం మొదట వారికోసం. ఇంట్లో అందరికంటె పెద్దవారికీ, అందరికంటె చిన్నవారికీ చెయ్యి చాస్తే అందే దీపమే తెలివయిన దీపం. ఫోను ఉన్నవాడి మాట ఒక్కటే వినే దీపం ఎంత ఖరీదయినదయినా దానికింకా తెలివి రాలేదన్నమాటే.

మీరు చేసి చూడండి

1. రాత్రిపూట ఎల్.ఇ.డి. దీపం వెలుగు బాగా తగ్గించి, దాని కింద ఒక పెన్సిలును అటూ ఇటూ వేగంగా ఊపండి. కొన్ని దీపాల కింద ఒక్క పెన్సిలు విడి విడిగా చాలా పెన్సిళ్ళు అయినట్టు కనిపిస్తుంది. ఆ దీపం ఆరి వెలుగుతున్నదన్నమాట. ఎండలో ఊపితే అట్లా కనిపించదు. ఎందుకో ఆలోచించండి.

2. మీ ఇంట్లో స్మార్ట్ దీపాలుంటే, పెద్దలనడిగి పది నిమిషాలు వైఫై పెట్టెను ఆపించండి. ఏ దీపం స్విచ్చికి పలుకుతుంది? ఏది పలకదు? ఏ నియమం పనిచేస్తున్నది? రాసుకోండి.

3. స్మార్ట్ దీపాలు లేని ఇంట్లో కూడా ఈ పని చెయ్యవచ్చు. ఒక కాగితం మీద మీ ఇంటి గదులన్నీ గీసి, ఒక్కొక్క దీపం పక్కన మూడు సంగతులు రాయండి: రాత్రి దాని అవసరం ఎవరికి ఎక్కువ? దాని స్విచ్చి వారికి అందుతుందా? స్విచ్చి దాకా చీకట్లో ఎన్ని అడుగులు నడవాలి? అది పూర్తికాగానే ఇంట్లో పెద్దవారికి చూపించండి. ఒక స్విచ్చిని కాస్త కిందికి దించినా, మంచం పక్కన ఒక చిన్న దీపం పెట్టినా సరిపోవచ్చు. దానికి ఫోను కూడా అక్కరలేదు.